మంచు కింద కూడా పచ్చగా ఉండే ఆ ముళ్ల మొక్క ఏమిటి?

మీరు రాసిన వివరాలను ముందుగా ఒక చోటికి చేరుస్తాను. చలికాలంలో ఉష్ణోగ్రత మైనస్ 25 డిగ్రీల సెల్సియస్ వరకు దిగే ప్రాంతంలో ఈ మధ్యే ఇల్లు కొన్నారు. పెరట్లో ఎండ బాగా తగిలే గోడ పక్కన మోకాలెత్తు గుబురు ఒకటి ఉంది. ఒకే మొదలు నుంచి నలువైపులా విచ్చుకున్న పొడవైన, గట్టి ఆకులు, వాటి కొసన గుచ్చుకునే మొన, అంచుల వెంట అక్కడక్కడ తెల్లటి దారాలు, చుట్టూ నాలుగైదు పిలకలు, మధ్యలో విరిగిపోయిన ఒక ఎండు కాడ కనిపించాయి. రెండు నెలలుగా మంచు కప్పి ఉన్నా ఆకుల పచ్చదనం పోలేదు. ఫోన్ యాప్ ఒకసారి కలబంద అనీ, మరోసారి కిత్తనార అనీ చూపించింది. ఇదేమిటో, ఇంట్లో పిల్లలూ కుక్కా ఉన్నారు కాబట్టి ఉంచవచ్చో తీసేయాలో చెప్పమన్నారు.

మీ ఫొటో దూరం నుంచి తీసినదే అయినా, మాటల్లో ఇచ్చిన వర్ణన సమాధానానికి సరిపోతుంది. ఇది దాదాపు నిస్సందేహంగా యుక్కా. అందులోనూ యుక్కా ఫిలమెంటోసా గానీ, దానికి అతి దగ్గరి జాతి యుక్కా ఫ్లాసిడా గానీ అయి ఉంటుంది. ఈ నిర్ణయానికి ఎలా వచ్చానో వివరిస్తాను. ఏ ఒక్క ఆనవాలు తేడాగా ఉన్నా మీరే దాన్ని పట్టుకొని నిర్ణయాన్ని మార్చుకోగలగాలన్నది నా ఉద్దేశం.

మొదట చలి సంగతి. ఇలాంటి మొక్కను చూసినప్పుడు ఎవరి దృష్టి అయినా ముళ్ల మీదే నిలుస్తుంది గానీ, అంతకంటే గట్టి సాక్ష్యం మీ చలికాలమే. ముళ్లూ ఎడారి వాలకమూ ఉన్న మొక్కలు ప్రపంచంలో వేల జాతులున్నాయి. వాటిలో మైనస్ 25 డిగ్రీలను ఆరుబయట, ఏ కప్పూ లేకుండా, ఏళ్ల తరబడి తట్టుకునేవి చాలా కొద్ది. కలబంద ఆకుల నిండా నీరే కాబట్టి గడ్డకట్టే చలి కాస్త గట్టిగా పడితే చాలు, అది మెత్తబడి కుళ్లిపోతుంది. అందుచేత యాప్ చెప్పిన ఆ పేరును ఇంకే పరీక్షా లేకుండా కొట్టేయవచ్చు. తోటల్లో తరచుగా కనిపించే పెద్ద కిత్తనార, అంటే అగావే అమెరికానా కూడా మైనస్ 10 డిగ్రీల దరిదాపుల్లోనే దెబ్బతింటుంది. కాండం కండపట్టి స్తంభంలా పెరిగే యుఫోర్బియాలదీ అదే గతి. చలి ఒక్కటే ఇంత పెద్ద జాబితాను చెరిపేస్తుంది.

అమెరికా వ్యవసాయ శాఖ తయారుచేసిన మొక్కల శీతల మండలాల పటం ప్రకారం 5వ మండలం అంటే, ఏడాదిలో అతి చల్లని రాత్రి ఉష్ణోగ్రతల సగటు మైనస్ 28.9కి, మైనస్ 23.3కి మధ్య ఉండే ప్రాంతం. పటం ఆ దేశానిదే అయినా ఈ అంకెలను ఏ దేశంలోని తోటమాలి అయినా వాడుకోవచ్చు. మీ ప్రాంతం సరిగ్గా ఈ మండలంలోకి వస్తుంది. యుక్కా ఫిలమెంటోసా 5వ మండలంలో నిక్షేపంగా బతుకుతుంది, నీరు నిలవని నేల దొరికితే అంతకంటే చల్లని 4వ మండలంలోనూ నిలుస్తుంది. అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. మీ మొక్క గోడ పక్కన ఉంది. పగటి ఎండను పీల్చుకున్న గోడ రాత్రంతా ఆ వేడిని మెల్లగా వదులుతుంది, గాలి ఉరవడిని ఆపుతుంది, పై చూరు ఉంటే వానను కూడా తప్పిస్తుంది. అలాంటి మూలలో, ఆ ఊరి చలికి మామూలుగా తట్టుకోలేని మొక్క కూడా బతికిపోవచ్చు. అందువల్ల చలిని మొదటి జల్లెడగానే వాడాలి. దాని మీదే తీర్పు చెప్పకూడదు.

ఎడారి మొక్కకు మంచులో ఏం పని అని మీరు ఆశ్చర్యపోయారు. ఎడారి అంటే ఏడాదంతా వేడిగా ఉండే చోటు కాదు, నీరు కరువైన చోటు. ఉత్తర అమెరికాలోని గ్రేట్ బేసిన్, కొలరాడో పీఠభూమి ఎత్తైన ఎడారులు. అక్కడ చలికాలంలో మంచు కురవడం మామూలే. గోబీ ఎడారి శీతాకాలం గురించి చెప్పనక్కర్లేదు. ఒపన్షియా ఫ్రజైలిస్ అనే చిన్న నాగజెముడు రకం కెనడాలోని పీస్ నది లోయ దాకా సహజంగా పెరుగుతుంది. అలాంటి జెముళ్లు శరత్కాలంలో తమలోని నీటిని తగ్గించుకొని, ముడతలుపడి, నేల మీద వాలిపోతాయి. మంచు గడ్డలు కణాల లోపల కాకుండా కణాల మధ్య సందుల్లో ఏర్పడతాయి కాబట్టి కణం చిట్లదు. వసంతంలో మళ్లీ నీరు పీల్చి లేచి నిలబడతాయి. చచ్చిపోయాయనుకొని ఫిబ్రవరిలో పీకి పారేసేవాళ్లు చాలామందే ఉంటారు. ఇంకో మాట, మీ మొక్క విషయంలో ఎడారి అన్న పదం పూర్తిగా సరైనదీ కాదు. యుక్కా ఫిలమెంటోసా సొంత నేల అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల ఇసుక నేలలు, సముద్రతీరపు ఇసుక దిబ్బలు, పలచని అడవులు. అక్కడ వానలకు కొదవ లేదు. ఇసుకలో నీరు నిలవదు కాబట్టి దాని రూపం ఎడారి మొక్కను తలపిస్తుంది, అంతే.

ఇక ముళ్ల దగ్గరికి వద్దాం. ముల్లు ఎంత పొడవు, ఎంత పదును అన్నది గుర్తింపులో పెద్దగా పనికిరాదు. అది మొక్కలో ఏ భాగం నుంచి పుట్టిందన్నదే చూడాలి. కాక్టస్ కుటుంబంలో ప్రతి ముల్లూ కాండం మీద ఉండే ఒక చిన్న నూగు మచ్చ నుంచి గుత్తిగా లేస్తుంది. ఆ మచ్చను అరియోల్ అంటారు. అది లేకపోతే ఆ మొక్క కాక్టస్ కాదు. దీనికి మినహాయింపు లేదు. కాక్టస్‌లా కనిపించే యుఫోర్బియాలో అరియోల్ ఉండదు, ముళ్లు ఎక్కువగా జంటలుగా వస్తాయి, గిల్లితే తెల్లటి పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం కనుక పరీక్ష కోసమని తొందరపడి గిల్లవద్దు. మీ మొక్కకు కండపట్టిన కాండమే పైకి కనిపించడం లేదు, ముల్లు ఆకు కొసలోనే ఉంది. దాంతో ఈ రెండు కుటుంబాలూ పక్కకు తప్పుకుంటాయి. నూగుతో ఉండే ముళ్ల తిస్టిల్ మొక్కలు మొదటి ఏడాది నేల మీద పరుచుకొని ఇలాగే భయపెడతాయి గానీ, వాటి ఆకులకు లోతైన చీలికలూ వల అల్లిక ఈనెలూ ఉంటాయి. మీ మొక్క ఆకులో ఈనెలు మొదలు నుంచి కొస వరకు సమాంతరంగా సాగుతాయి.

మిగిలినవి ఆకుల కత్తులు మోసే మొక్కలు. వీటిని విడదీసేది ఆకు అంచు. చేతికి తొడుగు వేసుకొని, ఒక ఆకును మధ్యలో పట్టుకొని, అంచును వెలుతురుకు ఎదురుగా చూడండి.

అంచు వెంట గట్టి పళ్లు ఉండి, కొసన గోధుమ లేదా నల్లటి రంగులో విడిగా కనిపించే సూది ముల్లు ఉంటే అది అగావే. దాని ఆకు మందంగా, కండగా ఉంటుంది. ఇంకో తిరుగులేని గుర్తు ఉంది: మొగ్గలో ఒకదానికొకటి అదుముకొని పెరిగిన ఆకుల మీద పక్క ఆకు పళ్ల అచ్చులు పడి, విచ్చుకున్నాక కూడా అలాగే మిగిలిపోతాయి. ఆ అచ్చులు ఒకసారి చూస్తే అగావేను ఇక మర్చిపోరు. అగావే పారీ, అగావే యూటాహెన్సిస్ వంటి కొండ జాతులు పొడి నేలలో మైనస్ 20 డిగ్రీల దరిదాపుల దాకా తట్టుకుంటాయి కాబట్టి, యాప్ చెప్పిన రెండో పేరు మొదటిదానంత అసంబద్ధం కాదు. కానీ మీరు పళ్ల మాటే ఎత్తలేదు, దారాలున్నాయన్నారు. కొన్ని అగావేలకూ అంచు దారాలు ఉంటాయన్నది నిజమే. అలాంటప్పుడు ఆకు మందం తేల్చేస్తుంది. యుక్కా ఫిలమెంటోసా ఆకు పలచగా, తోలు ముక్కలా వంగుతుంది, అగావేది వంగదు.

అంచు వెంట కొక్కేల్లా వంగిన ముళ్లు ఉండి, ఆకు కొస సూదిగా కాక చీలికలైన పీచు కుంచెలా ఉంటే అది డాసిలిరియన్. అంచున దారాలుండి, ఆకు కాలువలా లోపలికి మడిచి, కొస గుచ్చుకోకుండా ఉంటే హెస్పరాలో. దీన్ని అమ్మేవాళ్లు ఎర్ర యుక్కా అని పిలవడం వల్ల గందరగోళం పెరిగింది. దాని పూలు పగడపు రంగు గొట్టాలు, యుక్కావి వేలాడే తెల్లటి గంటలు. డాసిలిరియన్, హెస్పరాలో రెంటినీ మైనస్ 25 డిగ్రీల చోట నమ్మి నాటేవాళ్లు తక్కువ. యుక్కా ఆకులను పోలినందుకే ఆ పేరు తెచ్చుకున్న ఎరింజియం యుక్కిఫోలియం అనే క్యారెట్ కుటుంబపు మొక్క కూడా ఒకటుంది. దాని అంచున దూరదూరంగా మెత్తని కేశాల్లాంటి ముళ్లు ఉంటాయి. కానీ చలికాలంలో దాని పైభాగం పూర్తిగా ఎండిపోయి వసంతంలో మళ్లీ మొలుస్తుంది. మీ మొక్క మంచు కింద పచ్చగా ఉందన్న ఒక్క వాక్యంతో ఇది కొట్టివేతకు గురైంది.

మిగిలింది దారాలు. నేతగుడ్డ అంచు ఊడినప్పుడు వేలాడే పోగుల్లా, ఆకు అంచు నుంచి తెల్లటి పీచు సన్నగా లేచి మెలికలు తిరుగుతుంది. అది బయటి నుంచి అంటుకున్నది కాదు, ఆకు పెరిగేకొద్దీ దాని అంచు పొరే నారగా విడివడుతుంది. అందుకే లేత ఆకుల మీద తక్కువగా, ముదిరిన ఆకుల మీద ఎక్కువగా కనిపిస్తుంది. ఒక దారాన్ని పట్టి మొదలు వైపు లాగితే అంచు వెంట చాలా దూరం చీలుకుంటూ వస్తుంది, సులభంగా తెగదు. అమెరికా మూలవాసులు యుక్కా ఆకుల నారతో తాళ్లు పేనుకున్నారు, సపోనిన్లు అనే నురగనిచ్చే పదార్థాలు ఉండే వేళ్లను సబ్బులా వాడుకున్నారు. మీరు ఈ దారాల సంగతి రాయకపోయి ఉంటే నేను ఇంత ధైర్యంగా పేరు చెప్పేవాణ్ని కాదు.

యుక్కాల్లోనే మరో జాతితో ఒక పోలిక చూడాలి. యుక్కా గ్లౌకా దక్షిణ అల్బర్టా నుంచి టెక్సస్ వరకు మైదానాల్లో పెరిగే జాతి, చలిని ఫిలమెంటోసా కంటే గట్టిగా తట్టుకుంటుంది, దాని అంచుకూ కొద్దిపాటి సన్నని పోగులు ఉంటాయి. తేడా ఆకు వెడల్పులో ఉంది. గ్లౌకా ఆకు సుమారు ఒక సెంటీమీటరు, బూడిద రంగు కలిసిన ఆకుపచ్చ, తెల్లటి సన్నని గీత అంచు, బిరుసు. వందలాది ఆకులు కలిసి గుండ్రటి ముళ్లబంతిలా కనిపిస్తుంది. ఫిలమెంటోసా ఆకు 2 నుంచి 4 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. స్కేలు పెట్టి ఆకు మధ్యలో కొలిస్తే నిమిషంలో తేలిపోతుంది. ఇక ఫిలమెంటోసాకూ ఫ్లాసిడాకూ మధ్య గీత గీయడం కష్టం. మొదటిది గట్టిగా నిలబడే ఆకు, కొస దగ్గర హఠాత్తుగా సన్నబడుతుంది, దారాలు మందంగా మెలికలు తిరిగి ఉంటాయి. రెండోదాని ఆకు పలచన, సగం నుంచి కిందికి వాలుతుంది, కొస క్రమంగా సన్నబడుతుంది, దారాలు తిన్నగా ఉంటాయి. నర్సరీల్లో ఒకదాని పేరుతో మరొకటి అమ్ముడుపోవడం మామూలు విషయం, కొందరు వృక్షశాస్త్రవేత్తలు రెంటినీ ఒకే జాతిగానూ లెక్కించారు. తోటలో రెండింటి పోషణా ఒకటే కాబట్టి దీని మీద మీరు నిద్ర పాడుచేసుకోవలసిన పని లేదు. ఆకు మధ్యలో గానీ అంచుల్లో గానీ పసుపు చార ఉంటే మాత్రం అది ఎవరో ఎంపిక చేసి పెంచిన తోట రకం. అలాంటివి చలిలో కాస్త గులాబీ ఛాయకు తిరగవచ్చు, అది జబ్బు కాదు.

విరిగిన ఎండు కాడను పారేయకండి, దానిలో ఒక కథ ఉంది. దాని మీద ఎండిన కాయలు ఉన్నాయేమో చూడండి. యుక్కా కాయలో మూడు గదులుంటాయి. వాటిలో పలచని నల్లటి గింజలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వరుసలుగా ఉంటాయి. ఈ కాయలు తమంతట తాము పడవు. యుక్కా మాత్ అనే చిన్న తెల్లటి రెక్కల పురుగు ఆడది పుప్పొడిని ఉండగా చుట్టి, మరో పువ్వుకు తీసుకుపోయి, అండాశయంలో గుడ్లు పెట్టి, ఆ పుప్పొడిని కీలాగ్రం మీద అదిమి పెడుతుంది. పుట్టిన పురుగులు కొన్ని గింజలను తిని మిగిలినవి వదిలేస్తాయి. ఈ ఒప్పందాన్ని అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో వృక్షశాస్త్రవేత్త జార్జ్ ఎంగెల్మన్, కీటకశాస్త్రవేత్త చార్లెస్ రైలీ 1870లలో వెలుగులోకి తెచ్చారు. కాబట్టి మీ కాడ మీద కాయలుండి, వాటికి చిన్న గుండ్రటి రంధ్రాలుంటే అవి ఆ పురుగులు బయటికి వచ్చిన దారులు, మొక్క యుక్కా అనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. మీరు ఏ ఖండంలో ఉన్నారో రాయలేదు. ఈ మాత్ ఉత్తర అమెరికాది. ఐరోపా తోటల్లో అది లేదు కాబట్టి అక్కడ యుక్కా బాగా పూసినా చేత్తో పరాగసంపర్కం చేస్తే తప్ప సాధారణంగా కాయ కట్టదు. కాయలు లేకపోతే నా నిర్ణయం తప్పిందని అనుకోవద్దు.

ఆ కాడ మొక్క వయసు గురించి కూడా ఒక ఆధారం ఇస్తుంది. అగావే దశాబ్దమో అంతకంటే ఎక్కువో ఆగి ఒక్కసారి పూసి, పూసిన మొక్క మొత్తంగా చనిపోతుంది. యుక్కాలో పూసిన గుబురు మాత్రం మెల్లగా క్షీణిస్తుంది, దాని మొదట్లోంచి పిలకలు లేచి స్థానం నింపుతాయి. పాత కాడ పక్కనే నాలుగైదు పిలకలు ఉన్నాయని మీరన్నది సరిగ్గా ఈ క్రమానికి సరిపోతోంది. ఆ మొక్క అక్కడ కొన్నేళ్లుగా స్థిరపడి ఉంది.

ఇంకా అనుమానం ఉంటే మరో ఫొటోల వరుస పంపండి. ఆకు కొస, ఆకు అంచు, ఆకులు కలిసే మొదలు, ఈ మూడింటినీ దగ్గర నుంచి, పక్కన స్కేలు పెట్టి తీయండి. మొత్తం మొక్క ఫొటో ఒక్కటి చాలు. యాప్‌ల తప్పు కూడా ఇక్కడే ఉంది: దూరపు ఫొటోలో వాటికి అందేది కత్తి ఆకుల గుబురు అనే ఆకారం ఒక్కటే, ఆ ఆకారం పరస్పరం సంబంధం లేని ఎన్నో కుటుంబాలకు ఉంది.

ఇక ఉంచాలా, తీయాలా అన్నది. నన్నడిగితే కనీసం ఒక వేసవి ఉంచమంటాను. వేసవి తొలి నెలల్లో ఒకటిన్నర నుంచి రెండున్నర మీటర్ల కాడ లేచి, మీగడ రంగు గంటలతో నిండుతుంది. అప్పుడు ఆఖరి అనుమానం కూడా తీరుతుంది, ఎందుకంటే ఫిలమెంటోసా పూలగుత్తి ఆకులకు పైన, కొమ్మలు వేసి విచ్చుకుంటుంది. గ్లౌకా పూలు మాత్రం ఆకుల మధ్య నుంచే మొదలై, కొమ్మలు లేని ఒకే కాడ వెంట పైకి వెళ్తాయి. అప్పటిదాకా పిల్లల కళ్లకు ప్రమాదం లేకుండా ప్రతి ఆకు కొసన ఒక సెంటీమీటరు కత్తిరించండి, మొక్కకు ఏ హానీ ఉండదు. ఈ పని చేసేటప్పుడు మీరు కళ్లద్దాలు తప్పక పెట్టుకోండి, ఈ మొక్క వల్ల నిజంగా జరిగే గాయం వంగి పనిచేసేవాళ్ల కంటికే. కుక్క ఆకులను నమిలితే సపోనిన్ల వల్ల వాంతులు కావచ్చు. నమిలే అలవాటున్న కుక్క అయితే చుట్టూ తక్కువ ఎత్తు కంచె వేయండి, ఎక్కువగా తిన్నదని అనుమానం వస్తే పశువైద్యుడికి చూపించండి.

మంచు బరువుకు వాలిన ఆకులను ఇప్పుడే కోయకండి. అవి మొదలును కప్పి కాపాడుతున్నాయి, వసంతంలో ఎండినవాటిని మాత్రం తీస్తే చాలు. మొదలు చుట్టూ ఆకుల చెత్త, తడి పట్టే కలప పొట్టు ఉంటే తొలగించి, గులకరాళ్లు పరచండి. ఈ మొక్కలను చంపేది చలికంటే ఎక్కువగా చలిలో వేళ్ల దగ్గర నిలిచే నీరు.

తీసేయాలనే నిర్ణయించుకుంటే, పైన కోసేసి వదిలితే సరిపోదు. నేలలో లావుపాటి వేళ్లు, అడ్డంగా పాకే కాండం ఉంటాయి, మిగిలిన ముక్క నుంచి మళ్లీ మొలక వస్తుంది. ఆకులన్నింటినీ తాడుతో పైకి కట్టి, చుట్టూ లోతుగా తవ్వి, గడ్డను వీలైనంత మొత్తంగా ఎత్తండి. తర్వాత రెండేళ్లపాటు లేచిన ప్రతి మొలకనూ వెంటనే తీసేస్తూ ఉండాలి. పిలకలను మాత్రం పారేయకండి. కొద్దిపాటి వేరుతో విడదీసి, కోసిన చోటు నీడలో కొన్ని రోజులు ఆరనిచ్చి, ఇసుక కలిపిన మట్టిలో పెడితే మనుషులు నడవని మరో ఎండ మూలలో సులభంగా నిలదొక్కుకుంటాయి.